గేమ్‌తో గిటార్ – మూడో పాఠం: రిఫ్ రిపీటర్‌తో కుస్తీ

పోయిన పాఠంలో గిటార్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, ట్యూన్ చేసి, స్క్రీన్ మీద గేమ్ ఒక్కో తీగకి ఇచ్చే రంగుల దాకా వచ్చాం. ఎరుపు, పసుపు, నీలం, నారింజ, ఆకుపచ్చ, ఊదా. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇదే వరుస, నిద్రలో లేపి అడిగినా చెప్పేయాలి. మధ్యలో చేరినవాళ్లకి ఒక్క మాట: ఈ పాఠాలన్నీ యూబీసాఫ్ట్ వాళ్ల రాక్‌స్మిత్ 2014 ఎడిషన్ (అసలు గిటార్ వాయిస్తుంటే విని స్వరాలు సరిచూసే గేమ్) దగ్గర పెట్టుకుని రాస్తున్నవి. 2023లో దాన్ని ఆన్‌లైన్ స్టోర్ల నుంచి తీసేశారు కాబట్టి ఇదివరకే కొన్నవాళ్లకి, పాత డిస్క్ దొరికినవాళ్లకి సరే, మిగతావాళ్లు చందా కట్టే రాక్‌స్మిత్ ప్లస్‌తో లాగించొచ్చు. మెనూలు వేరుగా ఉంటాయి గానీ వేళ్లు చేయాల్సిన పని ఒకటే. గిటార్ హీరో బాగా ఆడేవాళ్లం కదా అనే ధీమాతో వచ్చినవాళ్లుంటే, ఆ ఐదు బటన్ల ప్లాస్టిక్ గిటార్ నుంచి ఇక్కడ పనికొచ్చేది లయ ఒక్కటే. అదేం తక్కువ కాదులెండి.

ముందు డిలే సంగతి తేల్చుకుందాం. తీగ మీటిన క్షణానికీ శబ్దం వినపడే క్షణానికీ మధ్య తేడా తెలుస్తోందంటే ఇక ఏం వాయించినా చేయి తడబడుతుంది, తప్పు మీది కాదు. హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపి టీవీ స్పీకర్లలో వింటున్నవాళ్లకి ఈ బాధ ఎక్కువ. శబ్దాన్ని టీవీ దాకా పోనివ్వకుండా కంప్యూటర్ హెడ్‌ఫోన్ జాక్ నుంచే వినండి (బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వద్దే వద్దు), టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. అప్పటికీ తగ్గకపోతే గేమ్ ఫోల్డర్‌లో ఉండే రాక్‌స్మిత్ డాట్ ఐఎన్ఐ ఫైల్‌లో లేటెన్సీ బఫర్ (ఈ ఆలస్యాన్ని తేల్చే సెట్టింగ్) అంకెని ఒక్కొక్కటిగా తగ్గించి చూడండి. శబ్దం చిటపటలాడిందా, ఒక మెట్టు వెనక్కి వచ్చేయండి. ఎర్ర తీగ దగ్గర మాత్రం కాస్త ఆలస్యం తప్పదు. ఆ తీగ సెకనుకి సుమారు 82 సార్లు కంపిస్తుంది, అంటే ఒక్క కంపనానికే 12 మిల్లీసెకన్లు పడుతుంది, అది ఏ స్వరమో గేమ్ పోల్చుకోవాలంటే కొన్ని కంపనాలైనా వినాలి కదా.

ఇక అసలు పాఠం. ఈ గేమ్ మొదట పాటలో అక్కడొకటి ఇక్కడొకటి స్వరాలు మాత్రమే ఇస్తుంది, మీరు బాగా వాయిస్తున్నకొద్దీ మరికొన్ని కలుపుతూ పోతుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ నన్నడిగితే రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరుస) నేర్చుకోవడానికి ఇది అంత మంచి పద్ధతి కాదు. రెండు స్వరాలున్నప్పుడు వేళ్లకి అలవాటైన దారి, ఆరు స్వరాలు వచ్చేసరికి పనికిరాదు, మళ్లీ మొదటికి రావాలి. అందుకే పాట మొత్తం వాయించే ఆత్రం పక్కన పెట్టి, గేమ్‌లో పాట ముక్కని పదేపదే వాయించుకోనిచ్చే రిఫ్ రిపీటర్ తెరిచి, ఒకే ఒక్క సెక్షన్ ఎంచుకుని, డిఫికల్టీ పూర్తిగా 100కి పెంచి, స్పీడ్ 50 దగ్గరికి దించండి. అన్ని స్వరాలూ ఉండాలి, నిదానంగా రావాలి. తప్పు లేకుండా వాయిస్తే స్పీడ్ దానంతట అదే పెరిగే ఏర్పాటు కూడా ఉంది, కానీ మొదటి వారం దాని జోలికి పోకండి, మీ చేత్తో మీరే పెంచుకోండి.

స్క్రీన్ చూడకుండా చేసే పని ఒకటి ఇస్తాను. ఎర్ర తీగ ఒక్కటే. సున్నా అంటే ఖాళీ తీగ, 3 అంటే మూడో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీల మధ్య గడి), 5 అంటే ఐదో ఫ్రెట్. వరుస ఇది: 0 0 3 0 5 0 3 0. ఎనిమిది స్వరాలు, ‘తకధిమి తకజణు’ అనుకుంటూ అక్షరానికొకటి. నొక్కాల్సినవి ‘ధి’ మీద, రెండో ‘త’ మీద, ‘జ’ మీద పడతాయి. మూడో ఫ్రెట్‌కి చూపుడు వేలు, ఐదో ఫ్రెట్‌కి ఉంగరపు వేలు, పిక్ (తీగ మీటే బిళ్ల) ప్రతిసారీ కిందికే. వేలు రెండు కమ్మీల నట్టనడుమ కాదు, గిటార్ బాడీ వైపు కమ్మీకి ఆనీ ఆననట్టు దాని వెనకే పడాలి, అప్పుడు తక్కువ బలంతోనే స్వరం పలుకుతుంది, జరజరమనదు. వదిలేటప్పుడు వేలు పక్కకి లాగకుండా నిలువుగా లేపండి, లాగితే తీగ టింగుమంటుంది. చేయి కుదిరాక సెషన్ మోడ్‌లోకి వెళ్లి, ఈ (E) మైనర్ పెంటటోనిక్ అనే ఐదు స్వరాల స్కేల్ పెట్టుకుని, డ్రమ్స్, బేస్ తోడుగా ఇదే వాయించండి. మీరు గట్టిగా మీటితే బ్యాండ్ కూడా ఊపందుకుంటుంది. ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, స్కోరు గోల లేదు.

స్కోరు అంటే గుర్తొచ్చింది. గేమ్‌కి తెలిసేవి రెండే: ఏ స్వరం, ఎప్పుడు. ఏ వేలు వాడారో, బొటనవేలు మెడ పైకి ఎక్కిందో, మణికట్టు ఎలా వంగిందో దానికి కనపడదు. ఎర్ర తీగ ఐదో ఫ్రెట్ పలికే స్వరమూ, ఖాళీ పసుపు తీగ పలికే స్వరమూ ఒకటే, 110 హెర్ట్జ్. ఒకదానికి బదులు ఇంకొకటి మీటి చూడండి, స్క్రీన్ మెచ్చుకునే అవకాశమే ఎక్కువ. కాబట్టి 98 శాతం వచ్చిందని మురిసిపోయే ముందు ఫోన్‌ని ఎదురుగా నిలబెట్టి ఎడమ చేతిని వీడియో తీసి చూసుకోండి.

ఈ ఐదో ఫ్రెట్ కిటుకుతోనే గేమ్ లేకుండా కూడా ట్యూన్ చేసుకోవచ్చు. ఏ తీగ ఐదో ఫ్రెట్ అయినా దాని పక్క సన్న తీగకి సమానం, ఒక్క నారింజ తీగ దగ్గర మాత్రం నాలుగో ఫ్రెట్ నొక్కితే ఆకుపచ్చ తీగ వస్తుంది. రెండూ కలిపి మీటితే శబ్దం ఊగుతున్నట్టు అనిపిస్తుంది, ఆ ఊపు నిదానించి ఆగిపోయిందంటే శృతి కలిసినట్టే.

కార్డ్స్‌లో, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవాటిలో, ఈ వారం మూడు. ఈ (E) మైనర్: పసుపు రెండో ఫ్రెట్ మీద మధ్యవేలు, నీలం రెండో ఫ్రెట్ మీద ఉంగరపు వేలు. దానికే నారింజ ఒకటో ఫ్రెట్ మీద చూపుడు వేలు చేరిస్తే ఈ (E) మేజర్. ఇప్పుడు ఆ మూడు వేళ్లనీ ఉన్నదున్నట్టు ఎత్తి ఒక తీగ సన్న వైపు జరిపి దించండి, ఏ (A) మైనర్ అయిపోయింది! వేళ్ల మధ్య అమరిక మారలేదు, కాబట్టి విడివిడిగా వెతుక్కోవద్దు, మూడూ ఒకేసారి లేచి ఒకేసారి దిగాలి. ఏ మైనర్‌లో ఎర్ర తీగ మీటొద్దు, పసుపు నుంచి మొదలుపెట్టండి. ఇది కాస్త వచ్చాక గేమ్‌లోనే చిన్న చిన్న ఆటలుండే గిటార్‌కేడ్‌లో రిటర్న్ టు క్యాసిల్ కార్డెడ్ ఆడండి, జాంబీలు మీదికొస్తుంటే కార్డ్ వాయించి పడగొట్టాలి. పిల్లలు పక్కన చేరి అరుస్తారు, ఆ టెన్షన్‌లో కూడా కార్డ్ శుభ్రంగా పడుతోందంటే వేళ్లకి పట్టుబడ్డట్టే.

వేలి కొసలు మండితే ఆపేయండి, గంట కూర్చోవడం కన్నా పొద్దున పావుగంట, రాత్రి పావుగంట మేలు. వచ్చే పాఠంలో మాస్టర్ మోడ్, అంటే స్క్రీన్ మీద స్వరాలు మాయమైపోతుంటే గుర్తు పెట్టుకుని వాయించడం. ఈలోపు పైన చెప్పిన ఎనిమిది స్వరాల వరుసని గిటార్ వైపు చూడకుండా వాయించడం అలవాటు చేసుకోండి, దాంతోనే మొదలుపెడదాం.