బ్యాకప్ డ్రైవ్ నుంచి విండోస్ రీస్టోర్ చేసే ముందు జాగ్రత్తలు

సిస్టమ్ ఇమేజ్ (విండోస్‌తో సహా డిస్క్ మొత్తానికి తీసిన నకలు) రీస్టోర్ మొదలుపెడితే ల్యాప్‌టాప్ డిస్క్‌లో ఇప్పుడున్నదంతా చెరిగిపోయి, బ్యాకప్ తీసిన రోజున ఉన్నదే తిరిగొస్తుంది. కాబట్టి ముందే ఇవి చూసుకోండి.

• బ్యాకప్ తర్వాత చేరిన ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నీ, డెస్క్‌టాప్‌నీ చాలామంది మర్చిపోతారు. కాపీ అయ్యాక రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. విండోస్ లేవకపోతే లినక్స్ లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్‌తో) బూట్ చేసి కాపీ చేసుకోవచ్చు.

• అన్నిటికన్నా ముఖ్యం బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ, అంటే ఆ తాళం తెరిచే నంబరు. 48 అంకెలుంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, కీ అక్కడ ఉంటే కాగితం మీద రాసుకోండి. బ్యాకప్ డ్రైవ్‌కి కూడా బిట్‌లాకర్ పెట్టి ఉంటే దాని కీ వేరు, అదీ కావాలి.

• బ్యాకప్ డ్రైవ్‌లో 'విండోస్‌ఇమేజ్‌బ్యాకప్' ఫోల్డర్ ఏ ఇతర ఫోల్డర్‌లోనూ లేకుండా పైనే ఉండాలి. పేరు మార్చొద్దు.

• కొత్త ఎస్‌ఎస్‌డీ (ల్యాప్‌టాప్ లోపలి డిస్క్) వేస్తే, పాతదానికన్నా చిన్నది కాకూడదు. 512 జీబీ డిస్క్ ఇమేజ్ 480 జీబీలోకి ఎక్కదు, లోపల డేటా కొంచెమే ఉన్నా సరే.

• ఛార్జర్ పెట్టే ఉంచండి. బ్యాకప్ డ్రైవ్‌కి సొంత అడాప్టర్ ఉంటే, కరెంటు పోగానే అది ఆగిపోతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ దాన్ని కాపాడలేదు. యూపీఎస్‌కి కలపండి.

• అవసరం లేని యూఎస్‌బీ డ్రైవ్‌లన్నీ తీసేయండి. కంగారులో తప్పు డిస్క్ ఎంచుకునే టెన్షన్ ఉండదు.