మీ బస్తీ రైలు వల్లే పెరిగిందా? కనుక్కోవడం ఎలా (కాజీపేటను చూసి)

పల్లె కాస్తా రైలొచ్చాక టౌన్లో ఒక బస్తీ అయిపోయిందని చాలా చోట్ల అంటుంటారు, కానీ ఎప్పుడు, ఎలా అని అడిగితే "బ్రిటిషోళ్ల టైంలో" అనేసి ఊరుకుంటారు. వరంగల్ పక్కనున్న కాజీపేట సంగతి చూడండి, అక్కడ లైన్ వేసింది బ్రిటిష్ సర్కారు కాదు, నిజాం గ్యారంటీ మీద (అంటే పెట్టుబడికి రాబడి వస్తుందని నిజాం సర్కారు హామీ ఇస్తే) నడిచిన కంపెనీ.

ముందు డేట్లు విడదీయండి. లైన్ ఎప్పుడు పడింది, జంక్షన్ ఎప్పుడైంది, లోకో షెడ్ (ఇంజన్లు నిలిపి బాగుచేసే చోటు) ఎప్పుడొచ్చింది, మూడూ వేర్వేరు, అందరూ కలిపేసేది ఇక్కడే. సికింద్రాబాద్ నుంచి లైన్ 1886లో వరంగల్ చేరింది, 1889కల్లా బెజవాడ దాకా వెళ్లింది, కాజీపేట ఆ దారిలోదే. కానీ మహారాష్ట్ర వైపున్న బల్లార్షా లైన్ 1920ల చివర్లో వచ్చి కలిసి, ఢిల్లీ-మద్రాసు దారి అటుగా అయ్యాక గానీ దాని దశ తిరగలేదు. వట్టి స్టేషన్ ఉంటే ఏముందండీ, దిగినోడు బండెక్కి వెళ్లిపోతాడు. ఆవిరి ఇంజన్‌కి నీళ్లు, బొగ్గు పట్టే చోట, డ్రైవరూ గార్డూ డ్యూటీ దిగే చోట అయితేనే జనం కాపురం పెడతారు, వాళ్ల వెనకే కిరాణా కొట్టు, టీ హోటల్, బడీ వస్తాయి. అందుకే మీ ఊళ్లో కూడా స్టేషన్ బిల్డింగ్ కంటే షెడ్, రన్నింగ్ రూమ్ (డ్యూటీ దిగిన డ్రైవర్లూ గార్డులూ పడుకునే చోటు), క్వార్టర్స్, పాత వాటర్ ట్యాంక్ ఎక్కడున్నాయో ముందు వెతకండి.

తర్వాత మ్యాప్. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్ (ఊళ్లు, దారులు, ఎత్తుపల్లాలు వివరంగా చూపే మ్యాప్) దొరికితే అదృష్టమే, లేకపోతే 1950ల్లో అమెరికా ఆర్మీ వేసిన ఇండియా మ్యాప్‌లు నెట్‌లో ఫ్రీగా ఉన్నాయి (సందులు కనపడవు, ఊరూ లైనూ కనపడతాయి, అంతే). దాన్ని ఇప్పటి శాటిలైట్ ఫోటో పక్కన పెట్టి చూడండి. పట్టాలకి సమాంతరంగా వరసలు వరసలుగా ఇళ్లుంటే అది చాలావరకు రైల్వే కాలనీయే, వంకర సందులుంటే అసలు పల్లె అటే ఉండుంటుంది. కాజీపేటలో రైలుకంటే ముందునుంచీ ఉన్న దర్గా వైపు వెళ్తే ఆ తేడా తెలుస్తుంది.

కాగితాలకి సెన్సస్ హ్యాండ్‌బుక్కులు చూడండి, మీ ఊరు పల్లెల లిస్టులో ఉందా టౌన్ కింద ఉందా అని ఒక్కో సెన్సస్‌కీ పోల్చండి. తెలంగాణ అయితే 1954-55 ఖాస్రా పహాణీలో (అప్పటి భూముల రికార్డు) ఆ సర్వే నంబర్లు ఎవరి పేరు మీదున్నాయో, సాగు భూమేనా అన్నదీ తెలుస్తుంది. ఇంకా పాతవి కావాలంటే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో అడగాలి, ఓపిక కావాలి మరి.

రిటైరైన రైల్వే వాళ్లని "అప్పట్లో ఎలా ఉండేది" అని అడగొద్దు, పొద్దుపోయేదాకా కబుర్లే. క్వార్టర్ ఏ సంవత్సరం అలాటైంది, గేటు పడితే టౌన్‌కి ఏ దారిన పోయేవాళ్లు, మొదటి సొంతిల్లు ఎవరు ఎటువైపు కట్టారు, ఇలా అడగండి.

చివరగా మున్సిపాలిటీలో ఎప్పుడు కలిసిందో చూడాలి. కాజీపేట ఇప్పుడు గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లో భాగం. మీ ఊరిని కలిపిన జీవో దొరికితే హద్దులు రాసిన పేజీ కూడా ఫోటో తీసుకోండి, పాత మ్యాప్‌తో సరిచూడ్డానికి అదే కావాలి.