స్నోషూస్ ఎలా ఎంచుకోవాలి, వేసుకుని ఎలా నడవాలి?

అమెరికాలో సియాటిల్ దగ్గర రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్ వైపు ఉండే మనవాళ్ళు చాలామంది వేసవంతా ప్రతి వీకెండూ హైకింగ్‌కి వెళ్తారు. నవంబర్‌లో కొండలు తెల్లబడగానే బూట్లు గరాజ్‌లో పడేసి, మళ్ళీ ఏప్రిల్, మే దాకా వాటి మొహం చూడరు. స్కీయింగ్ అంటే క్లాసులు, లిఫ్ట్ టికెట్లు, పడిపోతామేమోనన్న టెన్షన్, అది అందరికీ కుదరదు. బూట్ల కింద వెడల్పాటి చట్రాలు కట్టుకుని మంచు మీద నడిచే స్నోషూయింగ్‌కి అవేవీ అక్కర్లేదు, నడక వస్తే చాలావరకు వచ్చినట్టే. అయితే ఏ షూ తీసుకోవాలన్న దానికంటే ఏ కొండకి ఏ రోజు వెళ్ళాలన్నదే పెద్ద విషయం. అందుకే ఇక్కడ షూల గురించి ఎంత చెప్తానో చోటు గురించీ అంతే చెప్తాను.

ముందు బరువు లెక్క చూసుకోండి

స్నోషూ చేసే పని మీ బరువుని ఎక్కువ మంచు మీద పరచడం. మామూలు బూటుతో మోకాలి దాకా కూరుకుపోయే చోట దీంతో కొన్ని అంగుళాలే దిగుతారు, కానీ ఎంతో కొంత దిగడం మాత్రం ఖాయం. కాబట్టి సైజుని నిర్ణయించేది మీ పాదం కాదు, మీ మొత్తం బరువు. ఒంటి బరువుకి బట్టలు, బూట్లు, వీపు మీద బ్యాగు, అందులో నీళ్ళు, తిండి అన్నీ కలపాలి. 150 పౌండ్ల మనిషి అన్నీ వేసుకుని బయల్దేరేసరికి 170 దాటడం మామూలే.

మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి 22, 25, 30, 36 అంగుళాల పొడవువి. సుమారుగా 25 అంగుళాలది 200 పౌండ్ల దాకా, 30 అంగుళాలది 250 దాకా, 36 అంగుళాలది 300 దాకా మోస్తుంది. కంపెనీని బట్టి తేడా ఉంటుంది కాబట్టి లేబుల్ మీద రాసినదే లెక్క. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే ఏ మంచు మీద నడుస్తారో ఆలోచించండి. మన వాషింగ్టన్ రాష్ట్రంలో కాస్కేడ్ కొండల మీద పడేది తడి మంచు, బరువైనది, త్వరగా గట్టిపడుతుంది. ఇక్కడివాళ్ళు దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అనే పిలుస్తారు. దాని మీదైతే చిన్న సైజే హాయి. అదే కొలరాడోలో పడే పొడి మంచైతే అదే మనిషికి ఒక సైజు పెద్దది కావాలి. సియాటిల్ కంపెనీ ఎంఎస్ఆర్ వాళ్ళ ఈవో మోడల్‌కి ఒక సౌకర్యం ఉంది, అసలు షూ 22 అంగుళాలే అయినా లోతు మంచున్న రోజు వెనక 6 అంగుళాల తోకలు తగిలించుకోవచ్చు. ఒక్క జతతో అన్నిచోట్లా తిరగాలనుకునేవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది.

షాపులో షూని తిరగేసి చూడండి

పైన రంగు ఎలా ఉన్నా, అడుగున ఎన్ని ఇనుప పళ్ళు ఉన్నాయన్నదే చూడాలి. చెరువు చుట్టూ, చదునైన దారిలో నడవడానికి బొటనవేలి కింద ఒక వరస ఉంటే చాలు. ఎత్తుపల్లాలున్న దారికి మడమ కింద కూడా ఉండాలి. నిజంగా కొండెక్కేవాళ్ళకి ఫ్రేమ్ అంచుల పొడవునా పళ్ళుండేవి కావాలి, వాటి ధరా ఎక్కువే. మడమ కింద పైకి లేచే ఇనుప కమ్మీ ఉందేమో కూడా చూడండి. ఏటవాలు ఎక్కేటప్పుడు దాన్ని లేపితే మడమ దాని మీద ఆనుతుంది, పిక్కల మీద భారం తగ్గుతుంది.

ఇంకొకటి, షాపులోనే చేతులకి గ్లవ్స్ వేసుకుని పట్టీలు బిగించి, విప్పి చూడండి. గ్లవ్స్ తీస్తేనే గాని తెరుచుకోని బకిల్ కొండ మీద మీ వేళ్ళని గడ్డకట్టిస్తుంది.

నా సలహా అడిగితే మొదటి సీజన్ కొనకండి. ఆర్‌ఈఐ లాంటి షాపుల్లో అద్దెకిస్తారు. ఒకటి రెండు మోడళ్ళు వాడి చూశాక ఏ పట్టీ మీ బూటుకి సరిగ్గా కూర్చుంటుందో మీకే తెలుస్తుంది.

బట్టలు, చేతికర్రలు

నీళ్ళు దిగని హైకింగ్ బూట్లు, ఉన్ని సాక్సులు, బూటులోకి మంచు పోకుండా బూటు పైనుంచి పిక్క దాకా కప్పే గెయిటర్లు కావాలి. జీన్స్, కాటన్ టీషర్టులు వద్దే వద్దు. చెమటకి తడిసిన కాటన్ ఆరదు, మీరు ఆగిన పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. పలచటి బట్టలు పొరలు పొరలుగా వేసుకుని, బయల్దేరేటప్పుడు కాస్త చలిగానే ఉండేలా చూసుకోండి, ఎందుకంటే నడక మొదలెట్టగానే ఒళ్ళు వేడెక్కుతుంది. ట్రెకింగ్ పోల్స్‌కి కింద వెడల్పాటి స్నో బాస్కెట్లు తగిలించండి, లేకపోతే కర్ర మొత్తం మంచులోకి దిగిపోతుంది. ఎండ ఉన్న రోజు మంచు మీద పడ్డ వెలుగు కింద నుంచి కొడుతుంది కాబట్టి సన్‌స్క్రీన్ గడ్డం కింద కూడా రాయాలి, నల్ల కళ్ళద్దాలు తప్పనిసరి.

ఎక్కడికి వెళ్ళాలి

దయచేసి ఈ భాగం దాటేయకండి. వేసవిలో పిల్లాపాపలతో వెళ్ళొచ్చిన ట్రయిల్ చలికాలంలో అదే ట్రయిల్ కాదు. స్నోక్వాల్మీ పాస్ దగ్గర స్నో లేక్ దారే చూడండి, వేసవిలో జనంతో కిటకిటలాడుతుంది, చలికాలంలో అదే దారి అవలాంచ్‌లు, అంటే మంచు చరియలు, జారిపడే వాలుల కింద నుంచి పోతుంది. మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. మీరు నడిచేది చదును నేలే అయినా పైన అలాంటి వాలు ఉంటే అది మీ మీదికే వస్తుంది. మీ ముందు ఎవరివో అడుగుజాడలు కనిపించినంత మాత్రాన ఆ దారి క్షేమమని అర్థం కాదు. బయల్దేరే రోజు పొద్దున్నే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ సైట్‌లో ఆ ప్రాంతానికి ఏ స్థాయి ప్రమాదం ఇచ్చారో చూడండి. అందులో 1 అంటే తక్కువ, 5 అంటే అత్యంత ప్రమాదం. కొత్తవాళ్ళు 3 చూసి మధ్యస్థమే కదా అనుకుంటారు, కానీ ప్రాణాలు పోయేంత ప్రమాదం ఆ స్థాయిలో కూడా ఉంటుంది. 3 ఉన్న రోజు వాలుల జోలికి వెళ్ళకుండా చదును చోట్లకే పరిమితం కండి.

మొదటిసారికి ఐ-90 హైవే మీద 54వ ఎగ్జిట్ దగ్గరుండే గోల్డ్ క్రీక్ పాండ్ మంచి చోటు. చెరువు చుట్టూ చదునుగా ఉంటుంది, సియాటిల్ నుంచి గంట ప్రయాణం. అక్కడ కారు పెట్టాలంటే స్నో-పార్క్ పర్మిట్ ముందే తీసుకోవాలి. చెరువు దగ్గరే తిరిగి రండి, లోయలోకి లోతుగా పోతే మళ్ళీ అవలాంచ్ దారులే వస్తాయి. మౌంట్ రెయినియర్ నేషనల్ పార్క్‌లో 5,400 అడుగుల ఎత్తులో ఉన్న ప్యారడైజ్ ఇంకో చోటు. 1971-72 చలికాలంలో అక్కడ 1,122 అంగుళాల మంచు పడింది. రేంజర్లు దగ్గరుండి నడిపించే స్నోషూ వాక్స్ ఆ సీజన్‌లో ఉన్నాయేమో కనుక్కోండి. నవంబర్ 1 నుంచి మే 1 దాకా ఆ పార్క్‌లోకి వెళ్ళే ప్రతి వాహనంలోనూ టైర్ చెయిన్లు ఉండాలి, ఫోర్ వీల్ డ్రైవ్ అయినా సరే. పార్క్‌లోని లాంగ్‌మైర్ నుంచి ప్యారడైజ్‌కి వెళ్ళే రోడ్డు ఆ రోజు తెరిచారో లేదో కూడా చూసుకుని బయల్దేరండి.

కట్టుకోవడం

బూటు అడుగున అంటుకున్న మంచుని ముందు దులిపేయండి, ఉంచేస్తే నాలుగడుగులకే అది నలిగిపోయి పట్టీ వదులవుతుంది. బకిల్స్ కాళ్ళకి బయటి వైపు వచ్చేలా కుడి, ఎడమ చూసుకోండి. బొటనవేలి వెనక పాదం లావుగా ఉండే భాగం షూ తిరిగే ఇరుసు మీదికి సరిగ్గా రావాలి. బూటు కాస్త ముందుకి జరిగినా దాని ముక్కు డెక్ (షూ మీది పలక) అంచుకి తగిలి అడుగడుక్కీ ఇరుక్కుంటుంది. ముందు వేళ్ళ మీది పట్టీ, తర్వాత పాదం మీదిది, చివరగా మడమ పట్టీ బిగించండి. ఇరవై అడుగులు నడిచి, ఆగి, మళ్ళీ ఒకసారి బిగించండి.

నడవడం

కాళ్ళు మామూలుకంటే కాస్త ఎడంగా వేయండి, లేకపోతే ఒక షూ అంచుని ఇంకో షూతో తొక్కి బోర్లా పడతారు. ఎక్కేటప్పుడు బూటు ముక్కుతో మంచులోకి పొడిచి, అది నిలిచిందని తెలిశాకే బరువు వేయండి. దిగేటప్పుడు మోకాళ్ళు వంచి బరువు మడమల మీదికి తెచ్చి చిన్న చిన్న అడుగులు వేయాలి. భయంతో వెనక్కి మరీ వాలిపోతే పళ్ళు పట్టు వదిలేసి జారుడుబల్ల మీద కూర్చున్నట్టే అవుతుంది. వాలుకి అడ్డంగా పోవాల్సొస్తే పైవైపు అంచుని మంచులోకి నొక్కుతూ నడవండి. వెనక్కి మాత్రం అడుగు వేయొద్దు, తోక దిగబడుతుంది. తిరగాలంటే అర్ధచంద్రాకారంలో చిన్న చిన్న అడుగులతో తిరిగి రండి. పడిపోతే కంగారు పడకుండా పక్కకి దొర్లి, మోకాళ్ళ మీదికి వచ్చి, కర్రల సాయంతో లేవండి.

మధ్యాహ్నం ఎండకి మంచు మెత్తబడితే అడుగున పళ్ళ మధ్య ముద్దలు కడుతుంది. అడుగు ఎత్తుగా, గుండ్రంగా అనిపించి మడమ ఊగుతుంటే అదే కారణం. ఆగి, కర్రతో షూ పక్కన నాలుగు దెబ్బలు కొడితే రాలిపోతుంది.

కొత్త మంచులో ముందు నడిచేవాళ్ళు త్వరగా అలిసిపోతారు, పది నిమిషాలకొకసారి మనిషి మారండి. స్కీ వాళ్ళు వేసుకున్న జాడల మీద తొక్కకుండా పక్కన మీ దారి వేసుకోండి. పెద్ద దేవదారు చెట్ల మొదట్లోకి వెళ్ళొద్దు, కొమ్మల కింద మంచు గుల్లగా ఉండి మనిషిని లోపలికి లాగేస్తుంది. వేసవిలో గంట పట్టే దారికి రెండు గంటలు వేసుకోండి. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగున్నర కాకముందే సూర్యుడు దిగిపోతాడు, కాబట్టి ఒంటిగంటకల్లా ఎక్కడున్నా వెనక్కి తిరగండి, హెడ్‌ల్యాంప్ బ్యాగులోనే ఉండాలి. నీళ్ళ సీసా తలకిందులుగా పెట్టుకుంటే పైన గడ్డకట్టినా మూత వైపు నీళ్ళు మిగులుతాయి. ఫ్లాస్కులో వేడి చారు, జేబులో పల్లీ పట్టీ ఉంటే బాగుంటుంది. ఆగి డబ్బా తెరిచి తినేంతలో చేతులు చల్లబడిపోతాయి కాబట్టి నడుస్తూ తినగలిగినవే తీసుకెళ్ళండి.

ఇంటికొచ్చాక షూలని కారు డిక్కీలోనే వదిలేయకండి. మంచు కరిగి పళ్ళకి తుప్పు పడుతుంది. నీళ్ళు దులిపి, గుడ్డతో తుడిచి, గోడకి ఆనించి ఆరబెట్టండి, పట్టీలు ఎక్కడైనా చిట్లాయేమో, రివెట్లు వదులయ్యాయేమో అప్పుడే చూసుకోండి.