లండన్‌లో క్రిస్టఫర్ రెన్‌ని ఒక్కపూటలో చూడాలంటే

ఊరి నుంచి ఎవరొచ్చినా నేను ముందు మాన్యుమెంట్‌కే తీసుకెళ్తాను. పొద్దున్నే వెళ్లండి, కాళ్లలో సత్తువ ఉండగానే. 311 మెట్లు, లిఫ్ట్ లేదు. 1666 లండన్ అగ్నిప్రమాదానికి గుర్తుగా వాస్తుశిల్పి రెన్, శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ కలిసి రూపొందించిన 202 అడుగుల స్తంభం ఇది. ఎక్కేముందు మెట్ల నడిమి బోలులోంచి తలెత్తి చూడండి. దీన్ని నిలువు టెలిస్కోపుగా కూడా వాడాలనుకున్నారు! బండ్ల అదురుకి కుదరలేదట. రెన్ అసలు ఖగోళశాస్త్ర ప్రొఫెసర్ మరి.

అక్కడి నుంచి రెన్ రూపొందించిన పెద్ద చర్చి సెయింట్ పాల్స్‌కి నడిచే వెళ్లొచ్చు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. గుమ్మటం కింద నిలబడి పైకి చూస్తే కనిపించేది, బయట నుంచి కనిపించేది ఒకటి కాదు. రెండింటి మధ్య ఇటుకల శంకువు దాగుంది, పైనున్న రాతి 'లాంతరు', అంటే గుమ్మటం కొన మీది చిన్న గోపురం, దాని బరువు మోసేది అదే. ఈ మాట చెప్పగానే మా మామయ్య, రిటైర్డ్ సివిల్ ఇంజనీరు, మోకాళ్ల నొప్పి మర్చిపోయి "పైకి పదరా" అన్నారు.

చివర్లో కింది క్రిప్ట్‌కి, అంటే సమాధులున్న నేలమాళిగకి దిగండి. 1723లో పోయిన రెన్ సమాధి ఓ పక్కగా, సాదా రాతిపలక. హడావిడిలో దాటిపోతారు, కాస్త వెతకండి.