పేగుపూత తిరగబెట్టినప్పుడు రక్తం గడ్డకట్టకుండా జాగ్రత్తలు

మలంలో రక్తం పోతున్నవాళ్లకి రక్తం గడ్డకట్టడమేమిటని చాలామందికి అనుమానం. కానీ పేగుల్లో వాపు, పుండ్లు వచ్చే అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి ఉన్నవారికి సిరల్లో గడ్డలు కట్టే ముప్పు మిగతావారికంటే 2-3 రెట్లు ఎక్కువ. జబ్బు తిరగబెట్టినప్పుడు అది ఇంకా పెరుగుతుంది. పేగులో వాపు వల్ల రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజన్ అనే ప్రోటీన్ పెరుగుతాయి, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గుతుంది, దానికితోడు మనిషి మంచం దిగడు.

ఆసుపత్రిలో చేరినవారికి సాధారణంగా రోజుకోసారి రక్తం గడ్డకట్టకుండా చూసే ఎనాక్సాపారిన్ 40 మి.గ్రా. ఇంజెక్షన్ ఇస్తారు. కిడ్నీల పనితీరు, బరువును బట్టి డోసు మారుతుంది. రక్తం పోతోంది కదా అని దీన్ని వద్దనకండి. కొద్దిపాటి రక్తస్రావం దీనికి అడ్డు కాదు. బీపీ పడిపోయేంతగా పోతుంటేనే డాక్టర్లు ఆపి, కాళ్లకు గాలితో నొక్కే పట్టీలు వేస్తారు. పొట్ట ఆపరేషన్ అయితే ఇంటికెళ్లాక కూడా 4 వారాల దాకా కొనసాగించాల్సి రావచ్చు. డిశ్చార్జి రోజునే ఆ సంగతి అడగండి.

ఇంట్లో ఇంజెక్షన్ చేసుకునేవారు బొడ్డుకు కనీసం 5 సెం.మీ. దూరంలో చర్మాన్ని మడతగా పట్టుకుని సూదిని నిటారుగా గుచ్చాలి. మందు పూర్తిగా వెళ్లి సూది తీసేదాకా మడత వదలొద్దు. తర్వాత రుద్దితే కమిలిపోతుంది. ఒకరోజు కుడివైపు, మర్నాడు ఎడమవైపు.

విరేచనాలు ఎక్కువైతే ఓఆర్‌ఎస్ తాగండి. పడుకుని ఉన్నా పాదాలను పైకీ కిందకీ ఆడిస్తుండండి. 4 గంటలు దాటే ప్రయాణంలో మధ్యమధ్య లేచి నడవాలి. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ముప్పు పెంచుతాయి, వేరే పద్ధతి గురించి డాక్టరుతో మాట్లాడండి. స్టెరాయిడ్లూ పెంచుతాయి, అయినా సొంతంగా ఒక్కసారిగా మానేయకూడదు. గతంలో గడ్డ కట్టి ఉంటే, పేగు వాపు తగ్గించే టోఫాసిటినిబ్ మాత్రలు మొదలుపెట్టేముందే డాక్టరుకు చెప్పాలి.

ఒక కాలే వాచి, పిక్క నొప్పి, వేడి ఉంటే మర్దన చేయకండి, గడ్డ కదలొచ్చు. ఐబుప్రొఫెన్ కూడా వద్దు, పేగు జబ్బును రేపుతుంది. అదేరోజు సిరల్లో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ చేయించాలి. గడ్డ జాడను రక్తంలో వెతికే డీ-డైమర్ పరీక్ష ఒక్కటే చాలదు, పేగు వాపుకీ అది పెరుగుతుంది. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీనొప్పి, ఎన్నడూ లేనంత తలనొప్పి, మూర్ఛ వస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

కడుపునొప్పి దగ్గరే పొరపాటు జరిగేది. పేగు నుంచి కాలేయానికి వెళ్లే సిరల్లో గడ్డ కట్టినా నొప్పి వస్తుంది, అది పాత జబ్బేలే అని సరిపెట్టుకుంటారు. ఈసారి నొప్పి తీరు వేరుగా ఉంటే ఆ మాట డాక్టరుతో విడిగా చెప్పండి. సీటీ స్కాన్‌లో ఆ సిరలను ప్రత్యేకంగా చూస్తారు.