హోప్‌టౌన్ హౌస్ నిర్మాణాన్ని పరిశీలించే పద్ధతి

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోకు పశ్చిమాన, ఫోర్త్ నదీముఖ తీరానికి దగ్గరలో ఉన్న హోప్‌టౌన్ హౌస్ దూరం నుంచి ఒకే కట్టడంగా కనిపించినప్పటికీ, నిజానికి అది ఒక పాత ఇల్లూ, దానిని కప్పివేస్తూ తరువాత వెలసిన మరొక ఇల్లూ కలిసిన భవనం. ఈ రెంటినీ విడదీసి చూడగలగడమే ఇక్కడ నేర్చుకోవలసిన విద్య.

అందరూ ముందుగా చేరుకునే తూర్పు ముఖాన్ని కాసేపు పక్కన పెట్టి, తోట ఉన్న పడమటి వైపుకు వెళ్లండి. వాస్తుశిల్పి సర్ విలియం బ్రూస్ రూపకల్పనలో 1699లో మొదలైన తొలి ఇంటి నిరాడంబరత అక్కడే తెలుస్తుంది. రాతి వరుసల మధ్య అడ్డంగా చెక్కిన గాడులను గమనించండి. తరువాత తూర్పుకు వచ్చి, 1721 నుంచి మరో వాస్తుశిల్పి విలియం ఆడమ్ చేపట్టిన విస్తరణను చూడండి. గోడకు అంటుకున్నట్టుండే ఎత్తైన అర్ధస్తంభాలూ, ఇరువైపులా వంపు తిరిగి పక్క మందిరాలను కలిపే స్తంభాల వరుసలూ వచ్చేవారిని ఆకట్టుకోవడానికే పుట్టాయి.

లోపల మొదట మెట్ల గదిలో నిలబడండి. ఎనిమిది భుజాల ఆ గదిలోని చెక్క పనితనం బ్రూస్ కాలానిది. నా దృష్టిలో భవనమంతటిలో ఇదే శ్రేష్ఠమైన చోటు. 1748లో విలియం ఆడమ్ మరణించాక ఆయన కుమారులు జాన్, రాబర్ట్ పూర్తిచేయించిన అతిథులను ఆహ్వానించే ఘనమైన గదులకు ఆ తరువాతే వెళ్లండి. అక్కడ చెక్కకు బదులు సున్నపు అలంకారమూ, బంగారు పూతా పైకప్పును ఏలుతాయి. రాజభోజనశాల మాత్రం పంతొమ్మిదో శతాబ్దానిది.