సాపో-34 గూళ్లలో చిక్కిన మధ్యస్థాలను బయటికి తీయడం

సాపో-34 అంటే లోపల సూక్ష్మమైన గూళ్లున్న సిలికోఅల్యూమినోఫాస్ఫేట్ ఉత్ప్రేరకం. దాని మీద మిథనాల్ ఒలెఫిన్లుగా (ఈథీన్, ప్రొపీన్ వంటివి) మారేటప్పుడు గూళ్లలో మిథైల్‌బెంజీన్లు, అంటే మిథైల్ గుంపులు తగిలిన బెంజీన్ వలయాలు, పేరుకుంటాయి. చర్య మధ్యలో పుట్టి ఒలెఫిన్లను ఇచ్చే మధ్యస్థాలు వీటిలోనే ఉంటాయి. గూటి వాకిలి సుమారు 3.8 ఆంగ్‌స్ట్రామ్‌లే, హెక్సామిథైల్‌బెంజీన్ అందులో పట్టదు. వాడిన ఉత్ప్రేరకాన్ని ద్రావణిలో ఎన్నాళ్లు నానబెట్టినా పైన అంటుకున్నదే వస్తుంది. గూటినే కరిగించాలి.

అంతకంటే ముందు, చర్యను ఉన్నచోటే ఆపాలి. 400 డిగ్రీల దగ్గర మిథనాల్ కట్టేసి, హీలియం వదులుతూ తీరిగ్గా చల్లారిస్తే మిథైల్ గుంపులు ఊడి ఒలెఫిన్లుగా వెళ్లిపోతాయి, నాఫ్తలీన్లు పెరుగుతాయి. మీరు చూసేది చర్యను కాదు, దాని బూడిదను. క్వార్ట్జ్ గొట్టాన్ని ఫర్నేసులోంచి లాగేసి వెంటనే చల్లార్చండి.

15–20 మి.గ్రా. ఉత్ప్రేరకాన్ని మూతున్న టెఫ్లాన్ సీసాలో వేసి, 15 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం 1 మి.లీ. పోసి గంటసేపు ఉంచండి. గాజు వాడకూడదు, ఆమ్లం దాన్నీ తినేస్తుంది. పని ఫ్యూమ్ హుడ్‌లోనే, ఆమ్లం పడితే రాయడానికి 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో. పలుచటి ఆమ్లం చర్మంపై పడితే వెంటనే మంట తెలియదు, అదే దాని మోసం.

తర్వాత, పోల్చి కొలవడానికి తెలిసిన మోతాదులో హెక్సాక్లోరోఈథేన్ కలిపిన డైక్లోరోమీథేన్ 1 మి.లీ. పోసి కుదపండి. డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే మరుగుతుంది. అనంతపురం, కర్నూలు ఎండల్లో ఏసీ లేని ల్యాబులో మూత తీస్తే ఆమ్లం ముఖాన చిమ్మవచ్చు. పొద్దున్నే చేయండి, సీసాను ఐసులో పెట్టాకే తెరవండి. కింది పొరను నీటితో కడిగి, సోడియం సల్ఫేట్‌తో ఆరబెట్టి జీసీ-ఎంఎస్‌కు (పదార్థాలను విడదీసి ద్రవ్యరాశిని బట్టి గుర్తించే పరికరం) ఇవ్వండి. ఆమ్లపు చుక్క మిగిలితే కాలమ్ పాడవుతుంది. మిగిలిన ఆమ్లాన్ని సున్నంతో కాల్షియం ఫ్లోరైడ్‌గా దించండి. అనంతపురం భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ బాధ ఉన్నదే, సింకులో పోసి పెంచొద్దు.

162 ద్రవ్యరాశి శిఖరం హెక్సామిథైల్‌బెంజీన్‌ది. 176 కనిపిస్తే, అది హెప్టామిథైల్‌బెంజీనియం అయాన్ ప్రోటాన్ పోగొట్టుకున్న రూపం కావచ్చు. కరగక తేలే నల్లటి రేణువులు బరువైన కోక్ (కార్బన్ మసి), ఈ లెక్కలోకి రావు.

దొరికిందల్లా మధ్యస్థం కాదు, ఊరికే కూర్చున్నదీ దొరుకుతుంది. కార్బన్-12 మిథనాల్‌ను 20 నిమిషాలు పంపి, ఒక్క నిమిషం కార్బన్-13 (బరువైన కార్బన్ ఐసోటోపు) మిథనాల్‌కు మార్చి ఆపండి. వచ్చిన ఈథీన్, ప్రొపీన్‌లలో ఉన్నంత కార్బన్-13 మిథైల్‌బెంజీన్‌లోనూ ఉంటేనే అది చర్యా గొలుసులో ఉన్నట్టు. జడ్‌ఎస్‌ఎమ్-5 అనే మరో జియోలైట్ ఉత్ప్రేరకంలో మాత్రం ఈథీన్ చిన్న మిథైల్‌బెంజీన్లతో సరిపోతుంది, ప్రొపీన్ సరిపోదు. ప్రొపీన్ ఎక్కువగా ఆల్కీన్ల (ఒలెఫిన్ల) మిథైలేషన్ చక్రంలోంచి, అంటే వాటికి మిథైల్ గుంపులు చేరి మళ్లీ విరిగే చక్రంలోంచి, వస్తుంది. కార్బన్-13 మిథనాల్ ఖరీదైనది, వాల్వు మార్చే సమయాన్ని ముందు మామూలు మిథనాల్‌తోనే సరిచూసుకోండి.